వేడికి, వెలుగుకు, కరెంటుకు రంగు మార్చే హైబ్రిడ్ నమూనాలు: మొదటి నుంచి చివరి దాకా చేసే పద్ధతి

“సార్, పౌడర్ తెప్పించాను, పెయింట్‌లో కలిపాను, పూశాను. రంగు మాత్రం మారడం లేదు.” సైన్స్ ఎగ్జిబిషన్ల సీజన్ మొదలైందంటే పిల్లలూ వాళ్ల టీచర్లూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను తిరిగి అడిగేది ఒకటే: దేంట్లో కలిపారు? చాలాసార్లు ఆ జవాబులోనే లోపం దొరికిపోతుంది.

రంగు మార్చే పౌడర్ ఒంటరిగా పనికిరాదు. దాన్ని పట్టుకుని ఉండే మరో పదార్థం కావాలి. అది జిగురు కావచ్చు, సిలికోన్ కావచ్చు, గాజు పలక కావచ్చు. ఈ రెండూ కలిస్తేనే మనం చేయబోయే హైబ్రిడ్ పదార్థం. పౌడర్ ఎంత మంచిదైనా, పట్టుకున్నది దానికి పడకపోతే రంగు చచ్చిపోతుంది. అందుకే ఇక్కడ పౌడర్ గొప్పతనం కన్నా దాన్ని దేంట్లో, ఏ వరుసలో, ఎంత ఓపికగా కలపాలన్నదే ఎక్కువగా చెబుతున్నాను.

## 1. లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

ఇది థియరీ కోసం కాదు. లోపల జరిగేది తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీరే పట్టుకోగలరు.

వేడికి మారేది (థర్మోక్రోమిక్). పౌడర్‌లో ఒక్కో రేణువు కొన్ని మైక్రాన్ల సైజున్న గుళిక. పైన గట్టి రెజిన్ పెంకు. లోపల మూడు పదార్థాలు: ల్యూకో డై అనే రంగు, ఒక బలహీన ఆమ్లం, మైనంలాంటి ద్రావణి. ద్రావణి గడ్డకట్టి ఉన్నంతసేపు డై, ఆమ్లం అంటిపెట్టుకుని ఉంటాయి, రంగు కనిపిస్తుంది. ద్రావణి కరగగానే అవి విడిపోతాయి, రంగు మాయమవుతుంది. అంటే ఎన్ని డిగ్రీల దగ్గర రంగు పోవాలో నిర్ణయించేది ఆ ద్రావణి కరిగే ఉష్ణోగ్రతే. టెట్రాడెకనాల్ సుమారు 38 డిగ్రీల దగ్గర, హెక్సాడెకనాల్ సుమారు 49 డిగ్రీల దగ్గర కరుగుతాయి.

వెలుగుకు మారేది (ఫోటోక్రోమిక్). ఇందులో సాధారణంగా స్పైరో ఆక్సజైన్, నాఫ్తోపైరాన్ రకం అణువులుంటాయి. అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ తగలగానే అణువులో మూసుకుని ఉన్న ఒక వలయం తెరుచుకుని రంగు వస్తుంది. యూవీ ఆగితే మళ్లీ మూసుకుంటుంది. అలా తెరుచుకోవడానికి అణువుకు కాస్త చోటు కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కరెంటుకు మారేది (ఎలక్ట్రోక్రోమిక్). మనం వాడబోయేది ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం. దానికి ఎలక్ట్రాన్లు ఇస్తే, వాటితో పాటు పొటాషియం అయాన్లు దాని జాలకంలోకి, అంటే లోపలి అణువుల అల్లికలోకి దూరి నీలం రంగు పోతుంది. ఎలక్ట్రాన్లు తీసేస్తే నీలం తిరిగొస్తుంది.

చాలామంది పొరబడే విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. స్విచ్ వేస్తే పాలలా తెల్లగా ఉన్న అద్దం స్పష్టంగా మారే ఫిల్మ్ ఒకటి ఆఫీసుల్లో వాడుతుంటారు. అది ఎలక్ట్రోక్రోమిక్ కాదు. అందులో ద్రవ స్ఫటికాల బిందువులు కాంతిని చెదరగొడతాయి, అంతే. రంగు మారదు. ఎలక్ట్రోక్రోమిక్ ప్రాజెక్టు అని రాసి ఆ ఫిల్మ్ పెడితే జడ్జి మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

మొదటిసారి చేసేవాళ్లు వేడి, వెలుగు, కరెంటు, ఇదే వరుసలో వెళ్లండి. మొదటిది ఒక సాయంత్రం పని. చివరిదానికి లేబొరేటరీ, పక్కన కెమిస్ట్రీ టీచర్ ఉండాల్సిందే.

## 2. కొనేటప్పుడే సగం పని

థర్మోక్రోమిక్ పౌడర్లలో ఎక్కువగా దొరికేది 31 డిగ్రీల రకం. వేలితో తాకితే రంగు పోవాలని ఆ ఉష్ణోగ్రత ఎంచుకుంటారు. చల్లటి దేశాల్లో అది బాగుంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో డబ్బా తెరిస్తే పౌడర్ అప్పటికే తెల్లగా ఉంటుంది. “పాడైపోయిన సరుకు పంపారు” అని షాపువాళ్లతో గొడవ పెట్టుకున్నవాళ్లను చూశాను. సరుకు బాగానే ఉంది. చిటికెడు పౌడర్‌ను చిన్న కవర్లో వేసి ఫ్రిజ్‌లో రెండు నిమిషాలు పెడితే రంగు తిరిగొస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. ఎండాకాలం ప్రదర్శనకైతే 45 డిగ్రీల చుట్టుపక్కల మారే పౌడర్ తీసుకోండి. డిసెంబరు, జనవరిలో అయితే 31 డిగ్రీలది చక్కగా పనిచేస్తుంది.

కొనాల్సినవి:

- థర్మోక్రోమిక్ పౌడర్, ముదురు రంగు (నలుపు లేదా నీలం), 10 గ్రాములు
- ఫోటోక్రోమిక్ పౌడర్, ఊదా లేదా నీలం, 5 గ్రాములు
- నీటితో పలచబడే పారదర్శక అక్రిలిక్ మీడియం (ఆర్ట్ షాపుల్లో), లేదా నీటి ఆధారిత స్క్రీన్ ప్రింటింగ్ బైండర్
- రెండు భాగాలు కలిపే పారదర్శక సిలికోన్ రబ్బరు
- దళసరి తెల్ల కార్డు, మెత్తటి వెడల్పాటి బ్రష్, ప్లాస్టిక్ చెంచాలు
- 0.1 గ్రాము వరకు చూపించే చిన్న త్రాసు
- థర్మామీటరు, మల్టీమీటరు
- యూవీ టార్చ్ (365 లేదా 395 నానోమీటర్లు), యూవీని ఆపే కళ్లద్దాలు

కరెంటు నమూనాలకు కావాల్సినవి విడిగా 5, 6 భాగాల్లో చెబుతాను.

కోబాల్ట్ క్లోరైడ్‌తో చేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. నీలం నుంచి గులాబీకి మారుతుంది, నిజమే. కానీ ఆ మార్పులో గాలిలోని తేమ పాత్ర చాలా ఉంటుంది, పైగా అది విషపదార్థం. పిల్లలు చేతులతో తాకే నమూనాకు దాన్ని వాడవద్దు.

## 3. వేడికి రంగు మార్చే పూత

### 3.1 కలపడం

ఒక చిన్న గిన్నెలో 2 గ్రాముల పౌడర్ తీసుకోండి. మీడియం వెంటనే పోయకండి. ముందు కొన్ని చుక్కల నీళ్లు వేసి, పెసరట్టు పిండి చిక్కదనంలో ముద్ద చేయండి. పొడి పిండిని ఒకేసారి నీళ్లలో పోస్తే ఉండలు కట్టినట్టే ఈ పౌడరూ ఉండలు కడుతుంది. ముద్ద మెత్తగా అయ్యాక 10 గ్రాముల మీడియంను మూడు విడతలుగా కలపండి.

చెంచాతో నెమ్మదిగా తిప్పండి. కల్వంలో నూరడం, మిక్సీలో వేయడం అసలు చేయొద్దు. పెంకు పగిలితే లోపలి మూడు పదార్థాలు మీడియంలోకి కారిపోతాయి, ఇక ఆ రేణువు రంగు మార్చదు. ఉండలు మిగిలితే పలుచటి గుడ్డలో వడకట్టండి.

అసిటోన్, థిన్నర్, స్పిరిట్ వీటికి దూరంగా ఉండండి. ఇవి పెంకులోకి చొచ్చుకుపోగలవు. థిన్నర్ వేసే పెయింటే వాడక తప్పకపోతే చెంచాడు కలిపి ఒక రోజంతా పక్కన పెట్టండి. మర్నాడు కూడా రంగు మారుతుంటేనే ముందుకు వెళ్లండి.

### 3.2 కింద ఏముందో ఆలోచించండి

రంగు పోయినప్పుడు కనిపించేది కిందిదే. తెల్ల కార్డు మీద పూస్తే తెలుపు కనిపిస్తుంది. పసుపు మీద నీలం పౌడర్ పూస్తే చల్లగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, వేడి చేస్తే పసుపు. బొమ్మ మీద నలుపు పూస్తే వేడికి బొమ్మ బయటపడుతుంది. నాకు బాగా నచ్చేది ఈ మూడోదే, ఎందుకంటే చూసేవాళ్లకు వివరణ అక్కర్లేదు.

బొమ్మను స్కెచ్ పెన్నుతో గీస్తే తడి పూతకు అలుక్కుపోతుంది. ప్రింటు తీయించండి, లేదా అక్రిలిక్ రంగులతో వేసి పూర్తిగా ఆరనివ్వండి.

### 3.3 పూయడం, ఆరబెట్టడం

ఒకే దళసరి పూత వద్దు. పలుచగా మూడు పూతలు వేయండి. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది మళ్లీ అడ్డంగా. ఒక్కో పూత వేలికి అంటనంత వరకు ఆరాలి. వర్షాకాలంలో దీనికి ఎక్కువ సమయం పడుతుంది, తొందరపడకండి.

ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ వాడడం రెండూ నష్టమే. వేడికి రంగు మాయమై పూత ఎక్కడ పలుచగా పడిందో మీకు కనిపించదు. ఎండలోని యూవీ అయితే ల్యూకో డైని నెమ్మదిగా తినేస్తుంది.

పూర్తిగా ఆరాక పైన యూవీని ఆపే పారదర్శక వార్నిష్ ఒక పూత వేయండి. నీటి ఆధారితమైనదే ఎంచుకోండి.

### 3.4 పరీక్ష

కార్డు ముక్కను జిప్ కవర్లో పెట్టి ఒకదాని తర్వాత ఒకటి మూడు గిన్నెల్లో ముంచండి: ఐసు నీళ్లు, కుళాయి నీళ్లు, 55 డిగ్రీల నీళ్లు. ఏ డిగ్రీ దగ్గర రంగు పోయిందో, చల్లారుతుంటే ఏ డిగ్రీ దగ్గర తిరిగొచ్చిందో రెండూ రాసుకోండి. ఈ రెండు అంకెలు ఒకటి కావు. తిరిగి రావడానికి కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడాలి. ఇది లోపం కాదు, ఆ పదార్థం స్వభావమే అది. చెరిపేసే జెల్ పెన్నుల్లో ఈ తేడానే కావాలని బాగా పెంచుతారు. రుద్దితే 60 డిగ్రీల పైన పోయిన రాత, ఫ్రీజర్‌లో సున్నా కన్నా బాగా కిందికి చల్లబరిస్తే తప్ప తిరిగి రాదు.

తప్పులు, సవరణలు:

- వేడి చేసినా లేత రంగు మిగిలిపోతోంది. మామూలు రంగు ఏదో కలిసింది, లేదా కొన్ని గుళికలు పగిలాయి. కొత్తగా కలపండి.
- రంగు మొదటి నుంచే వెలిసిపోయి ఉంది. గది వేడి చూడండి. కార్డును ఫ్రిజ్‌లో పెట్టి చూశాకే పౌడర్‌ను అనుమానించండి.
- పూత పగుళ్లిచ్చింది. పౌడర్ మరీ ఎక్కువైంది. 10 గ్రాముల మీడియంకు 3 గ్రాములు దాటించవద్దు.
- వారం తర్వాత పాలిపోయింది. కిటికీ పక్కన పెట్టి ఉంటారు. పోయిన రంగు తిరిగి రాదు, మళ్లీ పూయాల్సిందే.

## 4. వెలుగుకు రంగు మార్చే సిలికోన్ బిళ్ల

పై భాగం చేసినవాళ్లు అదే అలవాటుతో ఇక్కడ పెద్ద తప్పు చేస్తారు. యూవీని ఆపే వార్నిష్ దీని మీద కూడా పూస్తారు. వేడి నమూనాకు కాపలా కాసిన ఆ వార్నిషే దీన్ని గుడ్డిదాన్ని చేస్తుంది. దీనికి యూవీ అందకపోతే రంగే లేదు. కొన్ని రెజిన్లలో, వార్నిష్‌లలో తయారీలోనే యూవీని ఆపే పదార్థం కలిపి ఉంటుంది. డబ్బా మీద “యూవీ ప్రొటెక్షన్” అని ఉంటే పక్కన పెట్టేయండి.

రెండోది, అణువుకు చోటు కావాలన్నాను కదా. మరీ బిర్రుగా గట్టిపడే ప్లాస్టిక్‌లో అణువు మెల్లగా తెరుచుకుని, ఇంకా మెల్లగా మూసుకుంటుంది. మెత్తటి సిలికోన్‌లో ఆ ఇబ్బంది తక్కువ. అందుకే ఇపాక్సీ కన్నా సిలికోన్‌తో మొదలుపెట్టమంటాను. ఇపాక్సీ దళసరిగా పోస్తే గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది కూడా.

### 4.1 వరుస

1. సిలికోన్ మొదటి భాగం 10 గ్రాములు తీసుకుని అందులో అర గ్రాము పౌడర్ కలపండి. గట్టిపరిచే రెండో భాగం ఇప్పుడే కలపొద్దు, కలిపితే గడియారం మొదలైనట్టే.
2. ఉండలు లేకుండా అయిదు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే గాలి బుడగలు పట్టుకుంటాయి.
3. డబ్బా మీద చెప్పిన నిష్పత్తిలో రెండో భాగం కలపండి.
4. అచ్చులో 2 మిల్లీమీటర్ల మందం మించకుండా పోయండి. ఐసు ట్రే అచ్చులు బాగా పనికొస్తాయి, కానీ సిలికోన్ ట్రే అయితే అంటుకుపోతుంది. ప్లాస్టిక్ ట్రే వాడండి.
5. చీకటి అలమరాలో, డబ్బా మీద రాసినంత సమయం గట్టిపడనివ్వండి.

పౌడర్ ఎక్కువ వేస్తే రంగు ఎక్కువ వస్తుందని అనుకోవద్దు. పై పొరే యూవీని మింగేస్తుంది, కింది పౌడర్‌కు అందదు. మందం పెంచినా అంతే.

### 4.2 పరీక్ష, అందులో మోసపోయే చోట్లు

ట్యూబ్‌లైట్ కింద పెట్టి “మారడం లేదు” అంటారు. ఇంట్లో ఎల్‌ఈడీ దీపాల్లో యూవీ దాదాపు ఉండదు. కారు ముందు అద్దం వెనక పెట్టినా అంతే, ఆ అద్దంలో ఉండే ప్లాస్టిక్ పొర యూవీని ఆపేస్తుంది. బయట ఎండలో, లేదా యూవీ టార్చ్ కింద చూడండి. టార్చ్ వెలుగులోకి నేరుగా చూడొద్దు, అద్దాలు పెట్టుకోండి, ఎవరి ముఖం మీదికీ తిప్పొద్దు.

ఇంకో వింత. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో కన్నా డిసెంబరు ఉదయం ఎండలో రంగు చిక్కగా వస్తుంది. యూవీ తెరిచిన వలయాన్ని వేడి త్వరగా మూసేస్తుంది కాబట్టి. ఎండకు నల్లబడే కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇది అనుభవమే. ప్రదర్శనలో ఒక బిళ్లను ఐసు మీద, మరో బిళ్లను గోరువెచ్చటి నీళ్ల గ్లాసు మీద పెట్టి రెండింటి మీదా ఒకేసారి టార్చ్ వేయండి. ఆ తేడా చూపిస్తే వెలుగు, వేడి రెండింటికీ ఉన్న సంబంధం మాటలు లేకుండా అర్థమవుతుంది.

పూర్తయ్యాక బిళ్లలను నల్ల కవర్లో దాచండి. ఎప్పుడూ ఎండలో ఉంచితే అణువులు క్రమంగా అలసిపోయి స్పందించడం మానేస్తాయి.

## 5. కరెంటుతో వేడి, వేడితో రంగు

రసాయనాల జోలికి వెళ్లకుండా కరెంటు స్విచ్‌తో రంగు మార్చాలంటే దారి ఇదే. 3వ భాగంలో చేసిన పూత కింద చిన్న హీటరు పెట్టడం.

కార్డు సైజు 5 సెం.మీ. × 5 సెం.మీ. అనుకుందాం, అంటే 25 చదరపు సెంటీమీటర్లు. గది వేడి కన్నా 25 డిగ్రీలు పెరగాలంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.05 వాట్లు చాలు. మొత్తం 1.25 వాట్లు. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు వస్తాయి కాబట్టి తీగ నిరోధం 20 ఓమ్‌లు ఉండాలి, కరెంటు 0.25 ఆంపియర్లు. 34 గేజ్ (ఎస్‌డబ్ల్యూజీ) నిక్రోమ్ తీగ, అంటే హీటర్లలో వాడే తీగ అయితే ఇది సుమారు 80 సెంటీమీటర్లు. గేజ్ మీద పూర్తిగా ఆధారపడకండి, మల్టీమీటరుతో కొలిచి 20 ఓమ్‌ల దగ్గర కత్తిరించండి.

వరుస:

1. దళసరి అట్ట మీద తీగను 3 మిల్లీమీటర్ల ఎడంతో పాములా మెలికలు తిప్పి పరచండి. ఒక మెలిక మరో మెలికను తాకకూడదు.
2. దాని మీద వేడి తట్టుకునే కాప్టన్ టేపు పూర్తిగా కప్పేలా అంటించండి.
3. టేపు మీద అల్యూమినియం ఫాయిల్. ఇది వేడిని సమంగా పరుస్తుంది. ఇది లేకపోతే రంగు చారలు చారలుగా పోతుంది.
4. ఫాయిల్ మీద పూత పూసిన పలుచటి కాగితం.
5. తీగ చివర్లను స్క్రూ కనెక్టరులో బిగించండి. నిక్రోమ్‌కు సోల్డర్ సరిగా అంటదు, దాంతో కుస్తీ పడొద్దు.

ఫాయిల్ ఎక్కడైనా తీగను తాకితే నిరోధం పడిపోతుంది. కరెంటు ఇచ్చే ముందు మళ్లీ కొలవండి. 20 ఓమ్‌లకు బదులు 3, 4 చూపిస్తే ఎక్కడో తాకింది, టేపు మళ్లీ వేయండి. ఇంటి మెయిన్స్ కరెంటుకు ఏ రూపంలోనూ కలపొద్దు. పని చేస్తుండగా వదిలేసి పక్కకు వెళ్లొద్దు.

## 6. నేరుగా కరెంటుకు మారే ప్రష్యన్ బ్లూ పలక

ఇది కాలేజీ ల్యాబ్‌లో, టీచర్ ఎదుటే చేయాలి. పొటాషియం ఫెర్రిసయనైడ్ మామూలుగా అంత ప్రమాదకరం కాదు, కానీ గాఢ ఆమ్లం కలిసినా, ఆమ్లంతో వేడి చేసినా విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది. కింద చెప్పిన పలుచటి ఆమ్లమే వాడండి. దేన్నీ వేడి చేయొద్దు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

### 6.1 సరంజామా

- కరెంటు ప్రవహించే పూత ఉన్న గాజు (ఐటీఓ లేదా ఎఫ్‌టీఓ), 2.5 సెం.మీ. × 5 సెం.మీ.
- గ్రాఫైట్ కడ్డీ
- ఫెర్రిక్ క్లోరైడ్ (హెక్సాహైడ్రేట్), పొటాషియం ఫెర్రిసయనైడ్, పొటాషియం క్లోరైడ్
- 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కొద్దిగా
- డిస్టిల్డ్ వాటర్
- 1.5 వోల్టుల సెల్స్ రెండు, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటరు (తిప్పి నిరోధం మార్చుకునేది), 1 కిలో ఓమ్ రెసిస్టరు, క్లిప్ తీగలు

బోరు నీళ్లు వాడొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. మన చాలా ఊళ్లలో బోరు నీళ్లు కఠిన జలం, క్షార గుణంతో ఉంటాయి. ప్రష్యన్ బ్లూకు క్షారం పడదు, నీలం పోయి తుప్పు రంగు మిగులుతుంది. సబ్బు సరిగా కడగకపోయినా ఇదే ఫలితం.

### 6.2 గాజు సిద్ధం చేయడం

ఎక్కువ ప్రయత్నాలు ఇక్కడే చెడిపోతాయి, కాబట్టి ఇక్కడ సమయం పెట్టండి.

మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి రెండు వైపులా తాకించండి. పదుల ఓమ్‌లు చూపించే వైపే పూత ఉన్న వైపు. రెండో వైపు మార్కరుతో మూలన చిన్న గుర్తు పెట్టండి. తిరగేసి పట్టుకుని గంటసేపు అవస్థపడినవాళ్లు ఉన్నారు.

గాజును పలుచటి సబ్బునీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. తర్వాత ఒక చుక్క నీళ్లు వేయండి. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకా జిడ్డు ఉందని అర్థం, మళ్లీ కడగండి. పలుచగా పరుచుకుంటే సిద్ధం. ఇక అంచులు తప్ప ఎక్కడా వేలు పెట్టొద్దు. వేలిముద్ర పడిన చోట పూత పడదు, ఆ ముద్ర చివరి దాకా కనిపిస్తుంది.

### 6.3 ద్రావణాలు

- ఫెర్రిక్ క్లోరైడ్ 1.35 గ్రా., 100 మి.లీ. నీళ్లలో
- పొటాషియం ఫెర్రిసయనైడ్ 1.65 గ్రా., మరో 100 మి.లీ. నీళ్లలో
- 1 మోలార్ ఆమ్లం 5 మి.లీ. తీసుకుని నీళ్లతో 100 మి.లీ. చేయండి

ప్లాస్టిక్ చెంచా వాడండి. స్టీలు చెంచా ఫెర్రిక్ క్లోరైడ్‌తో చర్య జరుపుతుంది. పూత వేసే ముందు మాత్రమే కలపండి: ముందు 20 మి.లీ. ఆమ్లం, అందులో 40 మి.లీ. ఫెర్రిక్ క్లోరైడ్, చివర 40 మి.లీ. ఫెర్రిసయనైడ్. మిశ్రమం గోధుమ రంగులో ఉండాలి. కలపగానే ముదురు నీలం వచ్చిందంటే పాత్రలోనో చెంచాలోనో ఏదో మలినం ఉంది. పారేయాల్సిన సీసాలో పోసి మళ్లీ మొదలుపెట్టండి.

### 6.4 పూత వేయడం

గాజును 4 సెంటీమీటర్లు మునిగేలా నిలబెట్టండి. మునిగిన భాగం 10 చదరపు సెంటీమీటర్లు. క్లిప్ ద్రావణానికి తగలకూడదు. ఎదురుగా, పూత ఉన్న వైపుకు సమాంతరంగా గ్రాఫైట్ కడ్డీ.

రెండు సెల్స్ వరుసగా కలపండి. ధనాగ్రం గ్రాఫైట్‌కు, రుణాగ్రం గాజుకు. మధ్యలో పొటెన్షియోమీటరు, మిల్లీఆంపియర్లలో పెట్టిన మల్టీమీటరు. పొటెన్షియోమీటరును పూర్తి నిరోధం దగ్గర మొదలుపెట్టి, కరెంటు 0.4 మిల్లీఆంపియర్లు వచ్చేదాకా నెమ్మదిగా తిప్పండి. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 40 మైక్రోఆంపియర్లు.

రెండు, మూడు నిమిషాలు చాలు. ఆకాశం రంగు సమంగా పరుచుకుంటుంది. చిక్కగా రావాలని పది నిమిషాలు ఉంచితే పూత దళసరై తర్వాత పొరలుగా ఊడుతుంది. తీశాక డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా ముంచి తీయండి. కుళాయి కింద పెట్టొద్దు, తుడవొద్దు. నీడలో ఆరనివ్వండి.

### 6.5 రంగు పోగొట్టడం, తెప్పించడం

7.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ను 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. మిగిలిన పలుచటి ఆమ్లం రెండు చుక్కలు వేయండి. గాజును, గ్రాఫైట్‌ను ఇందులో నిలబెట్టండి.

ఇప్పుడు ఒక్క సెల్ మాత్రమే, వరుసలో 1 కిలో ఓమ్ రెసిస్టరుతో. గాజును రుణాగ్రానికి కలిపితే నీలం పలుచనై క్రమంగా పోతుంది. తీగలు మార్చి గాజును ధనాగ్రానికి కలిపితే నీలం తిరిగొస్తుంది. నీలం రాగానే ఆపేయండి. ఇంకా కొనసాగిస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, అక్కడి నుంచి పూత నెమ్మదిగా చెడుతుంది.

ఇంట్లో ఉప్పు ఉంది కదా, అదే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. నీటితో చుట్టుకుని ఉన్న సోడియం అయాన్ పొటాషియం కన్నా పెద్దది, ప్రష్యన్ బ్లూ జాలకంలోని దారుల్లో సాఫీగా దూరదు. రెండు మూడుసార్లు మారినట్టు కనిపించి ఆగిపోతుంది. పొటాషియం క్లోరైడే వాడండి.

తప్పులు, సవరణలు:

- గాజు గోధుమ, బూడిద రంగు తిరిగింది. వోల్టేజీ ఎక్కువైంది. రుణాగ్రం వైపు ఎక్కువ లాగితే ఐటీఓ పూతే దెబ్బతింటుంది. ఆ గాజు ఇక పనికిరాదు. ఎఫ్‌టీఓ గాజు దీన్ని మెరుగ్గా తట్టుకుంటుంది.
- బుడగలు వస్తున్నాయి. నీరు విడిపోతోంది. వెంటనే తీగ పీకి, రెసిస్టరు పెట్టారో లేదో చూడండి.
- పూత పైన చిక్కగా, కింద పలుచగా పడింది. కడ్డీ వంకరగా ఉంది. సమాంతరంగా పెట్టండి.
- రంగు పోయి, తీగ తీయగానే మళ్లీ నీలం వచ్చేస్తోంది. గాలిలోని ఆక్సిజన్ చేస్తున్న పని ఇది. మీ తప్పు కాదు.

## 7. మూడింటినీ ఒకే బోర్డు మీద పెట్టేటప్పుడు

ఒకే పూతలో అన్నీ కలిపేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కలపొద్దు. వేడి పూతకు యూవీ కాపలా కావాలి, వెలుగు బిళ్లకు యూవీ అందాలి, ప్రష్యన్ బ్లూ తడిలో ఉండాలి. ఒకదానికి అన్నం పెట్టేదే ఇంకోదానికి విషం. మూడు గదులుగా విడదీయండి.

ప్రదర్శన ముందు రోజు చూసుకోవాల్సినవి:

- వేడి కార్డు ఆ హాలు వేడిలో రంగుతోనే ఉందా? లేకపోతే పక్కన ఐసు డబ్బా ఉందా?
- యూవీ వార్నిష్ వెలుగు బిళ్ల మీద పడలేదు కదా?
- హీటరు నిరోధం మళ్లీ కొలిచారా?
- యూవీ టార్చ్ ఛార్జింగ్ ఉందా? పిల్లల కళ్ల ఎత్తులో లేదు కదా?
- ప్రష్యన్ బ్లూ గిన్నె ఒలకకుండా ట్రేలో ఉందా? తీగల మీద ధన, రుణ గుర్తులు రాశారా?
- ఒక్కో నమూనాకు ఒక్కో విడి ముక్క దాచిపెట్టారా?

బోర్డు మీద రంగుల కన్నా మీ నోటుబుక్కులోని అంకెలు ఎక్కువ మాట్లాడతాయి. ఏ డిగ్రీ దగ్గర పోయింది, ఎన్ని సెకన్లలో తిరిగొచ్చింది, ఎన్నోసారికి మందగించింది, ఇవన్నీ తేదీతో సహా రాసి పక్కన పెట్టండి.

## 8. మిగిలినవి దాచడం, పారేయడం

పౌడర్లను గాలి చొరబడని డబ్బాల్లో, చీకట్లో, చల్లటి చోట ఉంచండి. కలిపిన థర్మోక్రోమిక్ పెయింట్‌ను వారాల తరబడి దాచవద్దు, కావాల్సినంతే కలుపుకోండి.

ఫెర్రిసయనైడ్ ఉన్న ద్రావణాలను సింకులో పోయకండి. బాత్రూమ్ ఆమ్లం, బ్లీచింగ్ పౌడర్ ఉన్న చోటికి అవి అసలు చేరకూడదు. గాజును, గ్రాఫైట్‌ను కడిగిన మొదటి నీళ్లతో సహా అన్నిటినీ ఒక ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి, లోపల ఏముందో తేదీతో రాసి అంటించి, కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పగించండి.